గేర్‌బాక్స్ మార్చిన జీపుతో ఘాటెక్కే ముందు

ఏప్రిల్ వస్తే కడపలో 40 డిగ్రీలు మామూలే. ఇంజను, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మార్చిన బండితో గువ్వలచెరువు ఘాటు ఎక్కాలనుకుంటే ఈ వారమే కిందికి దూరి ఆయిల్ కూలర్ పైపులు (గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే కూలర్‌కు పోయేవి) చూడండి.

- పైపు ఎగ్జాస్ట్‌కు (పొగ గొట్టానికి) దగ్గరగా పోకూడదు. పైపు చిట్లి, బాగా వేడెక్కిన మానిఫోల్డ్ (ఇంజను నుంచి పొగ బయటికొచ్చే మొదటి భాగం) మీద నూనె పడితే బండే తగలబడుతుంది. ఎగ్జాస్ట్ లేని వైపు నుంచి తీసుకెళ్లండి. దారి లేకపోతే కనీసం 3 అంగుళాల ఎడం ఉంచి, మధ్యలో రేకు అడ్డు పెట్టండి. ఆ రేకు పైపుకు తగలకూడదు. రెండింటి మధ్య గాలి ఆడితేనే వేడి ఆగుతుంది.

- పొడవునా ఉక్కు పైపు, చివర్లలో మాత్రమే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెకు తగిన రబ్బరు గొట్టం. మామూలు పెట్రోలు గొట్టం వద్దు. వేడికి గట్టిపడి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చిన గొట్టాన్ని నేను చేత్తో విరిచాను.

- రాగి పైపు అసలే వద్దు. అదురుకు పెళుసెక్కి చీలుతుంది.

- రబ్బరు తొడిగే చోట ఉక్కు పైపు చివర ఉబ్బు ఉందా? వేలితో తడమండి. నున్నగా ఉంటే క్లాంపు ఎంత బిగించినా జారుతుంది.

- గేరు వేయగానే ఇంజను ఒరుగుతుంది. చక్రాలకు రాళ్లు పెట్టి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి గేరు మారుస్తుంటే, మరొకరు పక్క నుంచి పైపుకు, ఎగ్జాస్ట్‌కు మధ్య ఎడం తగ్గుతుందేమో చూడాలి. బండి ఎదుట మాత్రం నిలబడవద్దు.

- 20 కిలోమీటర్లు నడిపి, రాత్రికి కింద తెల్ల అట్ట పరవండి. పొద్దున ఎర్ర చుక్క (గేర్‌బాక్స్ నూనె) కనిపిస్తే ప్రయాణం ఆపండి.