దీర్ఘకాలిక అధ్యయనంలో పాల్గొనేవారిని నిలుపుకోవడం – నాలుగో పాఠం: అందనివారు వేరు, తప్పుకున్నవారు వేరు

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన సంప్రదింపు పట్టికలన్నీ (పాల్గొనేవారిలో ఎవరిని ఎప్పుడు పిలిచామో, ఏమైందో రాసుకునేవి) చదివాను. ఈసారి కానుకల గురించీ, ప్రయాణ ఖర్చుల చెల్లింపు గురించీ రాయాలనుకున్నాను గానీ, ఆ పట్టికల్లో ఒకే పొరపాటు పదేపదే కనిపించడంతో ఆ విషయాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. "స్థితి" అనే గడిలో చాలామంది రెండే మాటలు వాడారు: "ఉన్నారు", "మానేశారు". మూడుసార్లు ఫోన్ ఎత్తనివారినీ, ఇల్లు మారి చిరునామా తెలియనివారినీ, "ఈ నెల కుదరదండీ" అన్నవారినీ, "ఇక నన్ను పిలవకండి" అని తేల్చి చెప్పినవారినీ అందరినీ ఆ రెండో మాట కిందే చేర్చేశారు.

ఈ నలుగురిలో నిజంగా తప్పుకున్నది చివరివారు ఒక్కరే. మొదటివారు అందలేదు, రెండోవారి ఆచూకీ తెలియదు, మూడోవారు ఈ విడతకు, అంటే అధ్యయనంలో పాల్గొనేవారందరినీ పిలిచి చేసే ఈసారి పరిశీలనకు, మాత్రమే రాలేమన్నారు. ఒకసారి "మానేశారు" అని రాస్తే తర్వాతి విడతలో ఆ పేరును ఎవరూ పిలవరు. అంటే వారు తీసుకోని నిర్ణయాన్ని వారి తరఫున మనమే తీసుకున్నట్టవుతుంది.

నేను పనిచేసిన మొదటి అధ్యయనంలో ఒకావిడ పత్రం మీద వరుసగా "ఎత్తలేదు, ఎత్తలేదు, ఎత్తలేదు" అనీ, దాని కింద ఎర్ర సిరాతో "మానేశారు" అనీ ఉంది. ఆ రాత నాదే. రెండేళ్ల తర్వాత ఫైళ్లు సర్దుతూ ఆ పత్రాన్ని తిరగేస్తే, వెనక వైపు పెన్సిల్‌తో "రాత్రి డ్యూటీ, పగలు నిద్రపోతారు, సాయంత్రం ఐదు దాటాక" అని రాసి ఉంది. నేను చేసిన మూడు ఫోన్లూ ఉదయం పదకొండు గంటల ప్రాంతంలోనే. ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు చేస్తే ఆవిడ వెంటనే ఎత్తి, "మీరే నన్ను వద్దనుకున్నారనుకున్నాను" అన్నారు. మిగిలిన విడతలన్నిటికీ వచ్చారు.

ఒక విడతకు రానివారు మళ్లీ వస్తారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను అనుసరిస్తూ వస్తోంది. వారికి 13 ఏళ్లప్పుడు జరిగిన విడతలో 850 మందే పాల్గొన్నారు, కానీ 15 ఏళ్ల విడతలో 976 మంది, 18 ఏళ్ల విడతలో 993 మంది పాల్గొన్నారు. తగ్గిన సంఖ్య మళ్లీ పెరిగిందంటే, ముందటి విడతకు రానివారి పేర్లను అక్కడివారు కొట్టివేయకుండా మళ్లీ ఆహ్వానించడం వల్లనే. దూరదేశాల్లో స్థిరపడినవారిని కూడా ఖర్చులు భరించి రప్పిస్తారు. 45 ఏళ్ల విడతకు, అప్పటికి జీవించి ఉన్న 997 మందిలో 938 మంది వచ్చారు.

విడతకు 100 మందిలో ఐదుగురు పోతే నష్టమేమీ లేదని ఒకరు రాశారు. ప్రతి విడతలోనూ మిగిలినవారిలో 5 శాతం చొప్పున పోతూ ఉంటే, పది విడతలు పూర్తయ్యేసరికి మిగిలేది దాదాపు 60 మంది. అంతకన్నా పెద్ద చిక్కు ఆ పోయేవారు ఎవరన్నది. కుంగుబాటు మీద జరిగే అధ్యయనంలో బాగా కుంగిపోయినవారే ఫోన్ ఎత్తరు. వారిని వదిలేస్తే, కాలం గడిచేకొద్దీ జనం కోలుకుంటున్నారన్న తప్పుడు ఫలితం లెక్కల్లో తేలుతుంది.

కాబట్టి స్థితి గడిలో "మానేశారు"కు బదులు "అందలేదు", "ఆచూకీ లేదు", "ఈ విడతకు రారు", "తప్పుకున్నారు", "మరణించారు" అన్న ఐదింటిలో ఒకటి మాత్రమే రాయండి. పక్కన తేదీ, వేళ, వారు అన్న మాటను వారి నోటి మాటగానే రాయండి. "ఆసక్తి లేదు" అని మీ మాటల్లో కుదించవద్దు. "పాప పరీక్షలు అయ్యాక చూద్దాం" అన్న వాక్యంలో మళ్లీ ఎప్పుడు పిలవాలో కూడా ఉంటుంది. నేనైతే పత్రం వెనక వైపు ఏమీ రాయను, రాయనివ్వను.

"తప్పుకున్నారు" అని రాయాలంటే వారు స్వయంగా ఆ మాట చెప్పి ఉండాలి. కారణం చెప్పాల్సిన అవసరం వారికి లేదు, మీరు గుచ్చి అడగకూడదు. ఒక్కటి మాత్రం ఒకేసారి, మర్యాదగా అడగవచ్చు: రావడం మాత్రమే మానుకుంటున్నారా, లేక ఇప్పటివరకు ఇచ్చిన సమాచారాన్ని కూడా వాడవద్దంటున్నారా? చాలామందికి ఈ రెండూ వేరన్న సంగతే తెలియదు. జవాబు రాసుకుని, కృతజ్ఞతలు చెప్పి, అక్కడితో ఆపండి.

అందనివారి కోసం ఒకరు ఒకే వారంలో పన్నెండుసార్లు ఫోన్ చేశారట. అది వేధింపు అవుతుంది. ఉదయం, సాయంత్రం, సెలవు రోజు ఇలా వేళలు మార్చి చేసే నాలుగు ప్రయత్నాలు ఒకే వేళకు చేసే పన్నెండింటికన్నా మేలు. ఎన్నిసార్లన్నది నైతిక సమీక్షా సంఘం ఆమోదించిన పత్రంలో ముందే రాసి ఉండాలి. బంధువుల నంబరుకు ఫోన్ చేసినప్పుడు అధ్యయనం దేని గురించో ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పవద్దు. మీ పేరు, నంబరు ఇచ్చి, వీలైనప్పుడు మాట్లాడమనండి, చాలు.

అభ్యాసం: పాత పట్టికలో "మానేశారు" అని రాసిన ప్రతి పేరుకూ ఆధారం వెతికి, పై ఐదు మాటల్లో ఒకదానితో మార్చండి. ఆధారం దొరకకపోతే "అందలేదు" అనే రాయండి. ఆ తర్వాత, మొదటి విడతలో నమోదైన వయసు, చదువు, ఆరోగ్య స్థితి ఆధారంగా, ఇప్పుడు అందనివారిని అందుబాటులో ఉన్నవారితో పోల్చి ఒక పట్టిక వేయండి. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. అది పూర్తిచేసిన తర్వాతే ఐదో పాఠం తెరవండి. కానుక ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్న చర్చ ఆ పట్టిక మీదే మొదలవుతుంది.