మూత తీయకముందే డబ్బు సంగతి తేల్చుకోండి

నేను నల్లగొండ నుంచి హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బత్తాయి లోడు తోలుతాను. తోటల దగ్గర సాయంత్రం కాయ ఎక్కుతుంది, రాత్రి బయల్దేరితే తెల్లవారకముందే మార్కెట్‌లో దిగాలి. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఇదే నా దారి. మా అడ్డాలో కొత్తగా స్టీరింగ్ పట్టిన పిల్లలు డీజిల్ డబ్బుల దగ్గర ఇబ్బంది పడటం ఈ మధ్య చాలా చూస్తున్నాను. వాళ్ల కోసమే ఇది.

బంకులో బండి ఆపగానే, ట్యాంకు మూత తీయకముందే అడగండి: "తమ్మీ, స్కానర్ పనిచేస్తుందా? కార్డు మిషన్ ఉందా?" ట్యాంకులో పడిన డీజిల్‌ను వెనక్కి ఇవ్వలేం. పోయించాక సర్వర్ డౌన్ అంటే మీరూ ఇరుక్కుంటారు, పంపు దగ్గర పోసే పిల్లాడూ ఇరుక్కుంటాడు. చాలా బంకుల్లో డ్యూటీ దిగేటప్పుడు లెక్క తగ్గితే ఆ పిల్లాడి జీతంలోనే కోస్తారు. అందుకే ఎంతకు పోయాలో, ఎలా ఇస్తామో రెండూ ముందే చెప్పాలి. ఆ తర్వాత మీటర్ మీద సున్నా చూసి, పొయ్యమనాలి. రెండు వేలకు కొట్టిస్తే మోసం, రెండు వేల పదికి కొట్టిస్తే సరిగ్గా వస్తుందని కొందరు అంటారు. నేను దాన్ని నమ్మను. కొలత మీద అనుమానం వస్తే ఐదు లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడగండి. ఆ పాత్ర ప్రతి బంకులో ఉండాలి, అడిగే హక్కు మనకుంది.

ఇప్పుడు ఫోన్‌తో కట్టే సంగతి. స్కాన్ చేయగానే పైన పేరు వస్తుంది. అది బంకు పేరేనా అని పిల్లాడికి చూపించి అడగండి. అసలు స్టిక్కర్ మీద ఇంకొకటి అతికించి డబ్బు కాజేసేవాళ్లున్నారు. మిషన్ తెర మీద మొత్తంతో సహా వచ్చే క్యూఆర్ అయితే ఇంకా మంచిది, అంకె మనం కొట్టే పనిలేదు.

రెండేళ్ల కింద హైవే మీద ఒక బంకులో మూడు వేల డీజిల్ పోయించాను. రాత్రి ఒంటిగంట. పిన్ కొట్టాను, గుండ్రం తిరుగుతూనే ఉంది. బ్యాంకు నుంచి కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. బంకు స్పీకర్ మాత్రం పలకలేదు. "అన్నా, నాకు పడలేదన్నా" అని ఆ పిల్లాడు రెండు చేతులూ పట్టుకున్నాడు. వెనుక రెండు లారీలు హారన్ కొడుతున్నాయి. టెన్షన్‌లో మళ్లీ స్కాన్ చేసి ఇంకో మూడు వేలు పంపాను. ఈసారి స్పీకర్ పలికింది. ఆ ట్రిప్పు కిరాయిలో మిగిలేదంతా అక్కడే పోయినట్టనిపించింది.

ఆ రాత్రి నేను చేయాల్సింది వేరే. బండిని పంపు ముందు నుంచి పక్కకు తీసి, యాప్ హిస్టరీ తెరిచి చూడాల్సింది. ఫెయిల్డ్ అని ఉంటేనే మళ్లీ కట్టాలి. పెండింగ్ అని ఉంటే పది నిమిషాలు ఆగాలి. అప్పటికీ తేలకపోతే నగదు ఇచ్చి, బిల్లు వెనుక పెండింగ్‌లో ఉన్న ఆ చెల్లింపుకు యాప్‌లో కనిపించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు, మొత్తం, టైము రాయించుకుని మేనేజర్ సంతకం తీసుకోవాలి. తర్వాత ఆ డబ్బు బంకు ఖాతాలో పడినా, ఆ కాగితం చూపించి తిరిగి తీసుకోవచ్చు. బంకుకు చేరకపోతే ఐదు రోజుల్లోపు మన ఖాతాకు దానంతటదే తిరిగి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019లో నిబంధన పెట్టింది. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలి. నాకు మూడో రోజు వచ్చింది. డబ్బు వెనక్కి ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేసి పిన్ కొట్టమంటే, కొట్టకుండా ఫోన్ కట్ చేయండి. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

క్రెడిట్ కార్డు గీకితే ఒక శాతం సర్‌చార్జి పడుతుంది, అంటే వెయ్యికి పది రూపాయలు. కొన్ని కార్డులు దాన్ని స్టేట్‌మెంట్‌లో తిరిగి ఇస్తాయి, దాని మీద జీఎస్టీ మాత్రం చాలావాటిలో రాదు. మీ కార్డుకు ఎంత మొత్తం నుంచి ఎంత వరకు మాఫీ ఉందో బ్యాంకును అడిగి, అంతకే కొట్టించండి.

ఓనర్ బండి తోలేవాళ్లకు ఫ్లీట్ కార్డు మేలు. ఇండియన్ ఆయిల్‌ది ఎక్స్‌ట్రాపవర్, హిందుస్థాన్ పెట్రోలియంది డ్రైవ్‌ట్రాక్ ప్లస్, భారత్ పెట్రోలియంది స్మార్ట్‌ఫ్లీట్. ఓనర్ డబ్బు వేస్తాడు, మనం పిన్ కొడతాం. ఏ కంపెనీ కార్డు ఆ కంపెనీ బంకులోనే నడుస్తుంది కాబట్టి, ట్యాంకు అడుగంటే దాకా ఆగకుండా ముందు బంకు ఎవరిదో చూసుకుని బయల్దేరాలి. మిర్యాలగూడ మిల్లుల లారీల్లాగా బంకులో అరువు ఖాతా ఉంటే స్లిప్పు మీద లీటర్లు అక్షరాల్లో రాయించండి. అంకె పక్కన ఇంకో సున్నా పెట్టడం ఎవరికైనా సులువు.

ఏ పద్ధతైనా సరే, డ్యాష్‌బోర్డులో రెండు వేలు నగదు ఉండనివ్వండి. నోట్లు ఇచ్చేటప్పుడు "ఇవి నాలుగు ఐదొందలు" అని పైకి చెప్పి ఇవ్వండి.

ఇక బిల్లు. తప్పకుండా అడగండి, వెనుక కిలోమీటర్లు రాయండి. ఆ కాగితం మీద అక్షరాలు ఎండకు, ఇంజన్ వేడికి తెల్లబడిపోతాయి. వేసవిలో నా డ్యాష్‌బోర్డు మీద పెట్టినవి నెల తిరిగేసరికి ఖాళీ కాగితాలయ్యాయి, ఓనర్‌కు లెక్క చూపలేకపోయాను. అప్పటినుంచి బిల్లు చేతికి రాగానే, బండి స్టార్ట్ చేయకముందే ఫోటో తీసి ఓనర్‌కు పంపుతున్నాను.