మైటర్ సా కొత్తది కొనే ముందు: ఫ్రేము మూలలో సందు ఎందుకొస్తోంది?

మైటర్ సా అంటే ఫ్రేము పట్టీల కొనల్ని 45 డిగ్రీల్లాంటి కోణాల్లో కోసే కరెంటు రంపం. స్లైడింగ్‌దైతే బ్లేడు రాడ్ల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. "మిషన్ కోణం సరిగ్గా కొయ్యట్లేదండీ, స్లైడింగ్‌ది పెద్దది తీసుకుందామనుకుంటున్నా" అనేవాళ్ళని నేను ముందు అడిగేది ఒకటే. ఆ సందు ఎప్పుడొచ్చింది? ముక్కలు కోసి పక్కపక్కన పెట్టగానే కనిపించిందా, లేక జిగురు ఆరి, పాలిష్ అయి, గోడకెక్కిన నెలా రెండు నెలలకా? వెంటనే వస్తే సెట్టింగు చూసుకోవాలి. నెలల తర్వాత వస్తే మిషన్‌కి ఆ తప్పుతో సంబంధమే లేదు. వేలకు వేలు పోసి ఇంకోటి తెచ్చినా అదే సందు మళ్ళీ పలకరిస్తుంది.

కోసిన వెంటనే సందు

ప్లగ్ పీకండి. బ్లేడు కిందికి దించి, మూలమట్టం ఒక అంచు ఫెన్స్‌కి (చెక్కని ఆనించే వెనక గోడకి), రెండోది బ్లేడు రేకుకి ఆనించండి. పంటికి కాదు, రేకుకి. పళ్ళు రేకు కన్నా కొంచెం బయటికి ఉంటాయి కాబట్టి వాటికి ఆనిస్తే కొలత తప్పుతుంది. తర్వాత మూలమట్టం నిలబెట్టి బ్లేడు బల్లకి నిటారుగా ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. అయినా పదిమందిలో ఇద్దరు చేస్తే గొప్ప. "స్కేలు మీద ముల్లు 45 చూపిస్తోందిగా" అంటారు. ఆ ముల్లు ఒక స్క్రూతో బిగించిన రేకు ముక్క. మిషన్ అటకెక్కి దిగేసరికే జరిగిపోవచ్చు.

మూలమట్టం మీదే అనుమానమా? అంచులు సమానంగా ఉన్న పట్టీ తీసుకుని 90 దగ్గర మధ్యకి కోయండి. ఒక ముక్కని తిరగేసి, రెండూ ఫెన్స్‌కి ఆనించి, కోసిన ముఖాలు కలపండి. వెలుతురు కనిపిస్తే మిషన్ తేడాగా ఉన్నట్టే. కనిపించే సందు అసలు తేడాకి రెట్టింపు.

అర డిగ్రీ ఏముందిలే అనుకోవద్దు. ఫ్రేముకి 8 కోతలు. ఒక్కోదానిలో అర డిగ్రీ పోతే మొత్తం 4 డిగ్రీలు. మూడు మూలలు బిగించి కూర్చోబెడితే ఆ నాలుగూ చివరి మూలలో తేలతాయి. 50 మి.మీ. పట్టీకి అక్కడ దాదాపు 5 మి.మీ. సందు.

కోణం బాగానే ఉండి సందొస్తే, ఎదురెదురు ముక్కల పొడవు ఒకటేనా చూడండి. రెండింటినీ వీపులు కలిపి నిలబెట్టి కొనలు వేలితో తడిమితే చాలు, టేపు అక్కర్లేదు. పొడవుల్లో తేడా ఉంటే ఎంత మంచి 45 అయినా మూల కలవదు. ఫెన్స్‌కి ఒక అడ్డుచెక్క బిగించి, దానికి తగిలించి కోయండి.

ఇంకోటి, 45 దగ్గర బ్లేడు చెక్కని పక్కకి లాగుతుంది. చేత్తో ఎంత అదిమినా కొంచెం జారుతుంది, క్లాంపు వేయండి. ఫెన్స్ మూలలో రంపప్పొట్టు ఇరుక్కుంటే ముక్క సరిగ్గా ఆనదు, ప్రతి కోతకీ ఊడ్చండి. వంగిన పట్టీ అయితే ఉబ్బు వైపు ఫెన్స్‌కి పెట్టాలి. తిరగేసి పెడితే కోత మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది. అది సందు సమస్య కాదు, ప్రమాదం.

నెలల తర్వాత విచ్చుకునే సందు

జనం మిషన్లు మార్చేది దీనికే.

విశాఖ మధురవాడలో ఒకాయన ఆగస్టులో, ముసురు రోజుల్లో, బాల్కనీలో కూర్చుని 75 మి.మీ. టేకు పట్టీలతో పెద్ద అద్దానికి ఫ్రేము చేశారు. కలిపినప్పుడు మూలల్లో గోరు కూడా దిగలేదు. దాన్ని తీసుకెళ్ళి రోజంతా ఏసీ నడిచే ఆఫీసు గదిలో తగిలించారు. దీపావళి నాటికి నాలుగు మూలల్లోనూ లోపలివైపు ఏటీఎం కార్డు దూరుతోంది. బయటి కొనలు మాత్రం అతుక్కునే ఉన్నాయి. ఆయన అప్పటికే 12 అంగుళాల బ్లేడున్న మిషన్ రేట్లు కనుక్కుంటున్నారు.

ఆ గుర్తులే అసలు సంగతి చెప్తాయి. కోత తప్పయితే సందు మొదటి రోజే ఉంటుంది, ఎక్కువగా ఒకే మూలలో పోగవుతుంది. నాలుగు మూలల్లో ఒకే తీరుగా, ఆలస్యంగా వచ్చిందంటే కదిలింది చెక్క. చెక్క పొడవున దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది. ఎండితే పట్టీ వెడల్పు తగ్గి, మీరు కోసిన 45 కాస్తా 45 కాకుండా పోతుంది. అప్పుడు లోపలి మూల తెరుచుకుంటుంది. తేమ పీలిస్తే తిరగబడి, బయటి కొన విచ్చుకుంటుంది. పట్టీ వెడల్పులో 1 మి.మీ. తగ్గితే లోపలి మూలలో సుమారు 1.4 మి.మీ. సందు పడుతుంది.

ఆ 1 మి.మీ. ఎక్కడిదంటే, మన సముద్రపు గాలిది. గాలిలో తేమ 80 శాతం ఉన్నచోట చెక్కలో తేమ 16 శాతం దగ్గర ఆగుతుంది. ఏసీ గదిలో గాలి 50 శాతానికి దిగితే చెక్క 9 దగ్గరికి వస్తుంది. మధ్యలో పోయిన నీళ్ళకి 75 మి.మీ. పట్టీ 1 మి.మీ. దాకా కుంచించుకుపోతుంది. టింబర్ డిపోలో "ఎండిన సరుకే సార్" అంటారు. అబద్ధం కాదు, వాళ్ళ షెడ్డు గాలికి అది ఎండిందే. మీ ఏసీ గదికి ఇంకా ఎండలేదు, అంతే.

పరిష్కారం కోత కన్నా ముందే మొదలవ్వాలి. పట్టీలు తెచ్చిన రోజే కోయకండి. ఫ్రేము ఏ గదిలో ఉండబోతోందో ఆ గదిలోనే, మధ్యమధ్య సన్న పుల్లలు పెట్టి, గాలాడేలా పేర్చండి. కొసముక్క ఒకటి వంటింటి త్రాసు మీద తూచి, బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. నాలుగైదు రోజులకోసారి తూచి కింద రాస్తూ పోండి. అంకె తగ్గడం ఆగే వరకు కోత లేదు. అంగుళం మందం, కొంత ఎండిన పట్టీలకి రెండు మూడు వారాలు పట్టవచ్చు. పచ్చి కలపకైతే నెలలు. తేమ మీటరు ఉంటే ఇంకా సుఖం. ఓపిక లేకపోతే పట్టీ వెడల్పు తగ్గించండి, లేదా ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన పలక) వాడండి. పాలిష్ వేశాం కదా అనకండి. పాలిష్ తేమని నెమ్మదింపజేస్తుంది, ఆపదు.

ఇప్పటికే విచ్చుకున్న ఫ్రేములో గట్టి లప్పం కూరితే చూడ్డానికి బాగుంటుంది. అదే ఫ్రేము మళ్ళీ తేమలోకి వెళితే చెక్క ఉబ్బి, లోపల లప్పం అడ్డుపడి, బయటి కొనలు తెరుచుకుంటాయి. ఫ్రేము అదే గదిలో స్థిరపడ్డాక, కోత వెంట రంపంతో మళ్ళీ తెరిచి కలపడమే నమ్మకమైన దారి.

చెక్క నల్లబడుతోంది, మిషన్ మూలుగుతోంది

నల్లబడితే బ్లేడు చూడండి. మన దగ్గర ఈ మిషన్లు ఎక్కువగా అల్యూమినియం కిటికీల వాళ్ళు వాడతారు కాబట్టి 100, 120 పళ్ళ బ్లేడు అంటగట్టే అవకాశం ఉంది. చెక్కకి 10 అంగుళాల బ్లేడులో 60 పళ్ళు చాలు, ఫ్రేములకి 80.

మూలిగితే వైరు చూడండి. 1650 వాట్ల మిషన్ 7 ఆంప్స్‌కి పైనే లాగుతుంది. టీవీ పెట్టుకునే 6 ఆంప్స్ పాయింటుకీ, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డుకీ అది తగదు. పవర్ ప్లగ్‌కే పెట్టండి.

బేరింగ్ ఊగడం, షాఫ్టు వంగడం అరుదు. ఇవన్నీ దాటాక కూడా తేడా ఉంటేనే సర్వీసుకి పంపండి.

ఇంతా అయ్యాక కొనాల్సిందే అంటే, ఇంటి పనికి స్లైడింగ్ లేని 10 అంగుళాలది సరిపోతుంది. నేరుగా సుమారు 140 మి.మీ., 45 దగ్గర సుమారు 90 మి.మీ. వెడల్పు కోస్తుంది. లాసన్స్‌బే, సాగర్‌నగర్ లాంటి సముద్రపు ఒడ్డున ఉండేవాళ్ళకి స్లైడింగ్ రాడ్లు తుప్పు పట్టకుండా తుడుచుకోవడమే ఇంకో ఉద్యోగం. అలమర అరలు కోయాలనుకుంటే తప్ప స్లైడింగ్‌దాని జోలికి వెళ్ళకండి. కొనేటప్పుడు మూలమట్టం సంచిలో వేసుకెళ్ళి, డబ్బా విప్పించి, షాపులోనే ఫెన్స్ రెండు ముక్కలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూసి బిల్లు కట్టండి.