కుండీ మొక్కలకు మట్టి లేని మిశ్రమం: 3వ పాఠం, కలపడం

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకను నానబెట్టి, ఉప్పు దిగిపోయేలా రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, పిండి ఆరబెట్టడం పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు చేతులకు పని.

కొలతకు తక్కెడ వద్దు, ఒక మగ్గు చాలు. పెర్లైట్ (వేడికి పొంగిన అగ్నిపర్వత రాతి తెల్లటి గుళికలు) ఊదితే ఎగిరిపోయేంత తేలిక, తడి కోకోపీట్ బరువు. తూచి కలిపితే నిష్పత్తి తారుమారవుతుంది. కోకోపీట్ 4 మగ్గులు, బెరడు ముక్కలు 3, పెర్లైట్ 2, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) 1. బొగ్గు ముక్కలుంటే అర మగ్గు వేయండి, లేకపోయినా కొంపేం మునగదు.

ఇంత బెరడెందుకంటారా? మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, మనీప్లాంట్ లాంటివి అడవిలో చెట్లను పట్టుకుని పైకి పాకేవి. వాటి వేళ్లకు తడి ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. 1–2 సెంటీమీటర్ల ముక్కలైతే మధ్యలో సందులు మిగులుతాయి. పొడిగా నలిగిన బెరడు ఆ సందుల్నే పూడ్చేస్తుంది, జల్లెడ పట్టి పక్కన పెట్టండి.

ముందు కోకోపీట్‌లో వర్మీకంపోస్ట్ వేసి ఉండలు చిదుముతూ కలపండి. పెర్లైట్ మీద సంచిలోనే కాసిని నీళ్లు చల్లండి. నేను మొదటిసారి పొడిగానే గుమ్మరించి, ఆ తెల్లటి దుమ్ముకు సాయంత్రం దాకా దగ్గాను. బెరడు చివర్లో వేయండి.

గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ఒకటి రెండు చుక్కలు రాలి, వేలితో తాకగానే ముద్ద విడిపోతే సరిపోయినట్టే. ముద్ద ముద్దగానే ఉంటే ఇంకో మగ్గు బెరడు పడాలి.

కుండీ అడుగున గులకరాళ్లు పరిచే అలవాటుంటే ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. తడి స్పాంజిని అడ్డంగా పట్టుకుని కారడం ఆగేదాకా ఉండండి. ఇప్పుడు నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. లోతు తక్కువైతే నీళ్లు లోపలే నిలుస్తాయన్నమాట. రాళ్లు చేసేదీ అదే: మిశ్రమం లోతు తగ్గించి, ఆ నిలిచే తడిని వేళ్లకు ఇంకా దగ్గరగా జరుపుతాయి. కాబట్టి రాళ్లు తీసేయండి, అడుగున చిల్లులు మాత్రం ఉండాలి.

వచ్చే పాఠానికి ఒక ఖాళీ కుండీని ఈ మిశ్రమంతో నింపి, నిండా నీళ్లు పోసి, రోజూ ఒకసారి ఎత్తి చూడండి. బరువు సగం తగ్గినట్టు ఎన్నో రోజున అనిపించిందో రాసి పెట్టుకోండి. నీళ్లు పోసే లెక్క అక్కణ్నుంచే మొదలుపెడదాం.