రాస్ప్‌బెర్రీ పై బోర్డుతో విస్పర్ సిగ్నల్ పంపడం ఎలా?

10 మిల్లీవాట్లంటే ఛార్జర్ మీద వెలిగే చిన్న ఇండికేటర్ లైటుకు సరిపోయేంత పవర్. అంత తక్కువ పవర్‌తో మీ ఇంటి డాబా మీద నుంచి పంపిన సిగ్నల్‌ను వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న హ్యామ్ రేడియో ఆపరేటర్, అంటే లైసెన్స్ తీసుకుని హాబీగా రేడియో నడిపే వ్యక్తి, అందుకోగలరు. దీనికి పెద్ద ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చేత్తో చేసుకునే చిన్న ఫిల్టర్, పది మీటర్ల తీగ, హ్యామ్ లైసెన్స్ ఉంటే చాలు.

ఇదంతా విస్పర్ అనే పద్ధతి వల్ల సాధ్యమవుతోంది. పూర్తి పేరు వీక్ సిగ్నల్ ప్రోపగేషన్ రిపోర్టర్. 1993లో ఫిజిక్స్‌లో నోబెల్ బహుమతి పంచుకున్న జో టేలర్ దీన్ని 2008లో విడుదల చేశారు. ఆయన కూడా హ్యామే, కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు) కే1జేటీ. విస్పర్ మెసేజ్‌లో మూడే విషయాలు ఉంటాయి: కాల్‌సైన్, ఉన్న చోటు, పవర్. మొత్తం 50 బిట్లు. వాటిని దాదాపు 111 సెకన్ల పాటు, కేవలం 6 హెర్ట్జ్ వెడల్పులో, చాలా నెమ్మదిగా పంపుతారు. ఇంత నెమ్మది కాబట్టే చెవికి ఏమాత్రం వినబడని సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ నాయిస్ లోంచి బయటికి తీయగలుగుతుంది.

ముందు లైసెన్స్

పవర్ ఎంత తక్కువైనా లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం. మన దేశంలో అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ లైసెన్స్‌ను టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది. కనీస వయసు 12 ఏళ్లు. రేడియో థియరీ, నిబంధనల మీద పరీక్ష ఉంటుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లకు వీయూ3తో, జనరల్ గ్రేడ్ వాళ్లకు వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దగ్గర్లోనే ఉంది. పరీక్షకు తయారయ్యేటప్పుడు అనుభవం ఉన్న హ్యామ్ ఒకరు పరిచయమైతే చాలా మేలు, ఎందుకంటే ఆ తర్వాత సిగ్నల్ చెక్ చేయడానికి కూడా వాళ్ల సాయం కావాలి.

బోర్డు

పై జీరో డబ్ల్యూ సరిపోతుంది. పై 3 ఉన్నా మంచిదే. పై 5 మాత్రం వద్దు. దానిలో జీపీఐవో పిన్నులన్నీ (బయటి పరికరాలు తగిలించుకునే పిన్నులు) ఆర్‌పీ1 అనే వేరే చిప్ చేతిలో ఉంటాయి కాబట్టి పాత బోర్డుల కోసం రాసిన ఈ ప్రోగ్రామ్ పద్ధతి దాని మీద పనిచేయదు.

బోర్డు లోపల 500 మెగాహెర్ట్జ్ క్లాక్ ఒకటి ఉంటుంది. దాన్ని సుమారు 35.47తో భాగిస్తే 14.0971 మెగాహెర్ట్జ్ వస్తుంది. 20 మీటర్ల బ్యాండ్‌లో (14 మెగాహెర్ట్జ్ దగ్గరి హ్యామ్ బ్యాండ్) విస్పర్‌కు కేటాయించుకున్న 200 హెర్ట్జ్ కిటికీకి సరిగ్గా మధ్య భాగం అది. ఈ సిగ్నల్ జీపీఐవో 4 నుంచి, అంటే బోర్డు మీద 7వ పిన్ను నుంచి బయటికి వస్తుంది. దాని పక్కనే ఉన్న 9వ పిన్ను గ్రౌండ్.

ఫిల్టర్: అసలు పని ఇదే

చాలామంది ఇక్కడే తొందరపడి 7వ పిన్నుకు నేరుగా తీగ తగిలిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పిన్ను నుంచి వచ్చేది స్క్వేర్ వేవ్. అందులో మనకు కావలసిన ఫ్రీక్వెన్సీతో పాటు దానికి మూడు, ఐదు, ఏడు రెట్ల ఫ్రీక్వెన్సీలు, అంటే హార్మోనిక్స్ కూడా ఉంటాయి. మూడో హార్మోనిక్ 42.29 మెగాహెర్ట్జ్ దగ్గర, అసలు పవర్‌లో తొమ్మిదో వంతుతో బయటికి పోతుంది. ఏడోది 98.68 మెగాహెర్ట్జ్, అంటే సరిగ్గా ఎఫ్ఎం రేడియో బ్యాండ్ మధ్యలో పడుతుంది. ఇంత చిన్న పవర్‌తో ఎవరికి ఇబ్బంది అనిపించవచ్చు. 10 మిల్లీవాట్లు ఖండం దాటగలవని నమ్మి ఈ పనికి దిగాం కదా, వాటితో పాటు బయల్దేరే ఒక మిల్లీవాటు చెత్త కూడా అలాగే దూరం పోగలదు. ఇతరుల ఫ్రీక్వెన్సీలు పాడు చేయకుండా ఉండటం హ్యామ్ మొదటి బాధ్యత.

కాబట్టి పై ఫ్రీక్వెన్సీలను ఆపేసే ఏడు భాగాల లో పాస్ ఫిల్టర్ కట్టాలి. సిగ్నల్ దారిలో మూడు కాయిల్స్ వరసగా ఉంటాయి. రెండు చివర్ల నుంచి, కాయిల్స్ కలిసే రెండు చోట్ల నుంచి గ్రౌండ్‌కు నాలుగు కెపాసిటర్లు దిగుతాయి. 20 మీటర్ల బ్యాండ్‌కు చివరి కెపాసిటర్లు 180 పీకోఫారడ్లు, మధ్యవి 390 పీకోఫారడ్లు. ఇవి సీ0జీ రకం సెరామిక్ కెపాసిటర్లే అయి ఉండాలి, మామూలు డిస్క్ కెపాసిటర్ల విలువ వేడికి మారిపోతుంది. కాయిల్స్‌ను టీ37-6 అనే పసుపు రంగు టొరాయిడ్ రింగుల మీద ఎనామిల్ రాగి తీగతో చుట్టాలి. అటూ ఇటూ ఉండే రెండింటికి 16 చుట్లు, మధ్యదానికి 17 చుట్లు. తీగ రింగు రంధ్రంలోంచి ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లు అని లెక్క. చుట్లను రింగు చుట్టూ సమానంగా పరచండి. సోల్డర్ చేసే ముందు తీగ చివర్ల ఎనామిల్ పూర్తిగా గీకేయాలి. ఫిల్టర్ పనిచేయకపోతే పది సందర్భాల్లో తొమ్మిదింట కారణం ఈ ఎనామిలే.

7వ పిన్నుకు, ఫిల్టర్‌కు మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి. ఇది డీసీని అడ్డుకుంటుంది. పిన్నుకు, యాంటెన్నాకు మధ్య బఫర్ చిప్ (పిన్నును కాపాడుతూ సిగ్నల్‌ను ముందుకు పంపే చిప్) కూడా ఉంటే ఇంకా మంచిది. యాంటెన్నా మీద చేరే స్టాటిక్ కరెంటు పిన్నులోకి దూరితే బోర్డు పనికిరాకుండా పోతుంది. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లకు బఫర్, ఫిల్టర్ రెండూ ఉన్న రెడీమేడ్ బోర్డులు దొరుకుతాయి. అమెరికాలోని టీఏపీఆర్ సంస్థ రూపొందించిన 20 మీటర్ల బోర్డు అలాంటిదే.

సాఫ్ట్‌వేర్

రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వేసుకుని, వైఫై కలిపి, గిట్‌హబ్ నుంచి విస్ప్రీ పై అనే ప్రోగ్రామ్ తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేయండి. మీ బోర్డు మోడల్‌కు అది పనికొస్తుందో లేదో అక్కడి వివరణలో ముందే చూసుకోండి. ఈ ప్రోగ్రామ్ బోర్డులోని పీడబ్ల్యూఎం అనే పల్స్ భాగాన్ని వాడుకుంటుంది. సౌండ్ కూడా దాన్నే వాడుతుంది, అందువల్ల ఇయర్‌ఫోన్ జాక్ సౌండ్‌ను ఆపేయాలి.

ప్రోగ్రామ్‌కు ఇవ్వాల్సినవి నాలుగు. మొదటిది మీ కాల్‌సైన్. రెండోది నాలుగు అక్షరాల లొకేటర్, అంటే మ్యాప్ మీద మీరున్న గడి కోడ్. హైదరాబాద్, వరంగల్ రెండూ ఎంకే97లోకి వస్తాయి. తిరుపతి ఎంకే93. తూర్పు రేఖాంశం 80 డిగ్రీలు దాటగానే మొదటి అక్షరం మారుతుంది కాబట్టి విజయవాడ ఎన్‌కే06, విశాఖపట్నం ఎన్‌కే17. మూడోది డీబీఎంలో (ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే డెసిబెల్ లెక్క) పవర్: బోర్డు నుంచి నేరుగా వస్తే 10, బఫర్ పెట్టి 100 మిల్లీవాట్లు పంపుతుంటే 20. ఎక్కువ చేసి చెప్పకండి. మీ రిపోర్టులు చూసి ఎంత పవర్‌కు ఎంత దూరం వెళ్లిందో ఇతరులు లెక్క వేస్తారు. నాలుగోది బ్యాండ్. దాని తర్వాత నాలుగు సున్నాలు రాస్తే రెండేసి నిమిషాల నాలుగు వంతులు ఆగి, పది నిమిషాలకు ఒకసారి మాత్రమే పంపుతుంది. ఫ్రీక్వెన్సీని ప్రతిసారీ కొంచెం అటూ ఇటూ జరిపే ఆప్షన్ కూడా పెట్టుకోండి, వేరే స్టేషన్ మీద పదే పదే పడకుండా ఉంటుంది.

టైమ్ తప్పితే మిగతాదంతా వృథా. విస్పర్ సరి సంఖ్య నిమిషం మొదలైన ఒక సెకనుకు బయల్దేరాలి. ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీకి, మన టైమ్‌కు తేడా అయిదున్నర గంటలు, అంటే 330 నిమిషాలు. అది సరి సంఖ్యే కాబట్టి మన గడియారంలో సరి నిమిషం యూటీసీలోనూ సరి నిమిషమే. ఇంటర్నెట్ ద్వారా టైమ్ సరిచేసే ఎన్‌టీపీ నడుస్తూ ఉండాలి. బోర్డు క్రిస్టల్‌లోని తప్పును కూడా ప్రోగ్రామ్ ఎన్‌టీపీ నుంచే తెలుసుకుని దిద్దుకుంటుంది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర పది లక్షల్లో ఒక వంతు తప్పు అంటే 14 హెర్ట్జ్ జరిగినట్టు. తప్పు పది లక్షల్లో ఏడు వంతులు దాటితే కిటికీ బయటికి పోతాం. అందుకే బోర్డు ఆన్ చేసిన వెంటనే పంపకుండా కాసేపు ఆగండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా డబ్బాలో పెట్టండి, ఒక ప్రసారం లోపల ఫ్రీక్వెన్సీ జారకుండా ఉంటుంది.

యాంటెన్నా కన్నా ముందు టెస్ట్

100 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ప్యారలల్‌గా కలిపితే యాంటెన్నా బదులు తగిలించే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తయారు. ఫిల్టర్ చివర దాన్ని తగిలించి, 14.0956 మెగాహెర్ట్జ్ యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్‌లో పెట్టిన రిసీవర్‌తో, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామ్‌లో మీ మెసేజ్ డీకోడ్ అవుతుందో లేదో చూడండి. సిగ్నల్ 1400 నుంచి 1600 హెర్ట్జ్ మధ్యలో కనిపించాలి. స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్న హ్యామ్ ఎవరైనా తెలిసుంటే హార్మోనిక్స్ కూడా చూపించుకోండి.

యాంటెన్నాకు మామూలు డైపోల్ (మధ్యలో కనెక్షన్, అటూ ఇటూ రెండు తీగలు) చాలు. మొత్తం పొడవు సుమారు 10.1 మీటర్లు, ఒక్కో చేయి 5.05 మీటర్లు. కొంచెం పొడవుగా కోసి తర్వాత కత్తిరించుకోండి. మధ్య భాగాన్ని వెదురు బొంగు మీదకెత్తి రెండు చేతులను కిందికి వాల్చి కడితే డాబా మీదే పట్టేస్తుంది. కరెంటు తీగలకు దూరంగా కట్టండి.

ఇక పంపండి. విస్పర్‌నెట్ సైట్‌లో మీ కాల్‌సైన్ కోసం వెతికితే ఎవరు విన్నారు, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎంత బలంగా అన్నది తెలుస్తుంది. మైనస్ 28 డెసిబెల్స్ చూసి కంగారు పడకండి. నాయిస్ కన్నా అంత కింద ఉన్నా డీకోడ్ అయిందని దాని అర్థం. మొదటి గంట ఖాళీగా పోవచ్చు. 20 మీటర్లు పగలు, సాయంత్రం బాగుంటుంది, అర్ధరాత్రి ప్రయత్నించి ఏమీ రాలేదని యాంటెన్నా విప్పేయకండి. ఒక రోజంతా చూసినా రిపోర్టు రాకపోతే ముందు టైమ్, తర్వాత ఫ్రీక్వెన్సీ, ఆ తర్వాతే యాంటెన్నా చూడండి. మీరు ఇంట్లో ఉన్నప్పుడే నడపండి. ఉరుముల సూచన ఉంటే కేబుల్ విప్పేయండి.

రాత్రిపూట కోసం 40 మీటర్ల బ్యాండ్‌కు (7 మెగాహెర్ట్జ్ దగ్గరిది) మారాలంటే ఫిల్టర్ కూడా మార్చాలి. 14 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ 7.04 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మామూలుగానే పంపిస్తుంది, కానీ దాని మూడో హార్మోనిక్ 21.12ను సరిగ్గా ఆపలేదు. అది నేరుగా 15 మీటర్ల హ్యామ్ బ్యాండ్‌లో పడుతుంది. కొత్త ఫిల్టర్‌కు చివర 270, మధ్యలో 680 పీకోఫారడ్లు, అవే పసుపు రింగుల మీద 21, 24, 21 చుట్లు.