ఎనభై దాటిన పెద్దలకు పొట్ట ఆపరేషన్: సంతకం పెట్టే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాలు ఇంటి పెద్దను పొట్ట ఆపరేషన్ కోసం బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖపట్నమో తీసుకువెళ్ళినప్పుడు "ఈ వయసులో తట్టుకుంటారా?" అని మొదట అడుగుతారు. వయసు కంటే ఎక్కువగా ఫలితాన్ని నిర్ణయించేవి రెండు: ఆపరేషన్ ఎంత అత్యవసరంగా జరుగుతోంది, జబ్బు పడకముందు మనిషి ఎంత దృఢంగా ఉన్నారు. అన్ని పరీక్షలూ చేసి తీరికగా చేసే హెర్నియా ఆపరేషన్‌కు, అదే హెర్నియాలో పేగు ఇరుక్కుని నల్లబడ్డాక చేసేదానికి ప్రమాదంలో పోలికే లేదు.

వృద్ధులలో పేగుకు రంధ్రం పడినా జ్వరం రాకపోవచ్చు, నొప్పి కూడా స్వల్పంగానే ఉండవచ్చు. కాబట్టి పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా, గజ్జల్లోని హెర్నియా వాపు లోపలికి పోకుండా గట్టిపడినా, గ్యాసే కదా అని తెల్లవారేదాకా ఆగకండి.

నెల క్రితం తామే స్నానం చేసేవారా, ఎంత దూరం నడిచేవారు, బరువు తగ్గారా, మతిమరుపు ఉందా అన్నవి డాక్టరుకు వివరంగా చెప్పండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ, కీళ్ళనొప్పులకు దుకాణంలో అడిగి కొన్నవాటితో సహా, తీసుకువెళ్ళండి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపితే, గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఉన్నవారికి అది మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ తరువాత న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, మూత్రపిండాలు దెబ్బతినడం, పేగు కుట్టు వదలడం వంటివి రావచ్చు. డాక్టరు అనుమతించగానే కూర్చోబెట్టడం, నడిపించడం, దీర్ఘశ్వాస తీయించడం వీటిలో కొన్నింటిని తగ్గిస్తాయి. కుటుంబాన్ని ఎక్కువగా భయపెట్టేది మాత్రం మొదటి కొద్ది రోజులలో కలిగే మతిభ్రమ. పగలు మత్తుగా ఉండి రాత్రి కేకలు వేయడం, సెలైన్ గొట్టాలు లాగేయడం దీని లక్షణాలు. కదలకుండా ముభావంగా పడి ఉండటం కూడా అదే కావచ్చు. దానిని తరచుగా ఎవరూ పట్టించుకోరు. ఒడియా మాట్లాడే వార్డులో తెలుగు మాత్రమే వచ్చిన ముసలామె జవాబివ్వకపోతే, భాష తెలియకనో భ్రమ వల్లనో నర్సుకు అర్థం కాదు. అందుచేత రాత్రి తోడుగా ఆమెను బాగా ఎరిగిన తెలుగువారే ఉండాలి. కళ్ళద్దాలు, చెవి మిషను దగ్గరే ఉంచాలి. కొత్తగా తికమక కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే దాని వెనుక ఇన్ఫెక్షన్ దాగి ఉండవచ్చు.

70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం కింద ఇచ్చే ఆయుష్మాన్ కార్డును ముందే తీసి ఉంచుకోండి; వెళ్ళే ఆసుపత్రి ఆ పథకంలో ఉందో లేదో కనుక్కోండి.

చివరగా, ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుందని, వేరే చికిత్స ఉందా అని అడగండి. వెంటిలేటరు అవసరమైతే ఎంతవరకు కొనసాగించాలో, పెద్దాయనకు తెలివి ఉన్నప్పుడే ఆయననే అడిగి, ఆ మాట డాక్టరు చేత కేసు షీటులో రాయించండి.