పసుపు రాస్తే పైకి తేలే ముగ్గు

పప్పు మరక మీద సబ్బు రుద్దితే అది ఎర్రబడటం మన ఇళ్లలో అందరూ చూసేదే. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మనవడు తన తెల్లచొక్కా అలా మారడం చూసి, "అమ్మమ్మా, రక్తం!" అని కేక పెట్టాడు. ముప్ఫై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఊరుకుంటానా? మర్నాడే పిల్లలందరినీ వంటింట్లో కూర్చోబెట్టాను.

రెండు చెంచాల వంటసోడాను అన్నే నీళ్లలో కలపండి. బేకింగ్ పౌడర్ పనికిరాదు, అందులో ఆమ్లం కూడా ఉంటుంది. మందమైన డ్రాయింగ్ కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టించండి. ఐదు చుక్కలు, సందు చుక్క మూడు వరకు చాలు. చుక్కలు లేకుండా మొదలుపెడితే గీత ఎక్కడిదాకా వచ్చిందో గీసేవాళ్లకే తెలియదు. అగ్గిపుల్లకు దూది చుట్టి, సోడానీళ్లలో ముంచి చుక్కల చుట్టూ మెలికలు తిప్పాలి. తరవాత పూర్తిగా ఆరనివ్వాలి. మా పిల్లలకు ఈ ఆరే అరగంటే పెద్ద పరీక్ష. అరిసెలు పెట్టి కూర్చోబెట్టాను.

మొదటిసారి పసుపును ఉత్త నీళ్లలో కలిపి పొరపాటు చేశాను. పసుపు అడుగున పేరుకుంది, తడికి సోడా కరిగి ముగ్గంతా అలుక్కుపోయింది. చిన్న మనవరాలు ఏడ్చింది కూడా. రెండోసారి మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో కలిపాను. మూడు చెంచాల స్పిరిట్‌కు అర చెంచా పసుపు. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. సోడా సంగతి తిరగబడి ఉంటుంది, స్పిరిట్‌లో అది దాదాపు కరగదు. అందుకే గీత చెదరదు. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి కలపడం పెద్దవాళ్ల పని. పొయ్యి ఆర్పి, కిటికీలు తెరిచి పెట్టండి. భోగి మంట దగ్గర మాత్రం వద్దు.

ఇక దూదితో కాగితమంతా పసుపు పూయమనండి. పసుపు నేల మీద ఎర్రటి మెలికల ముగ్గు పైకి తేలుతుంది. కర్క్యుమిన్ మామూలుగా పసుపుపచ్చగా ఉంటుంది, సబ్బు, వంటసోడా లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. హారతికి ఎర్రనీళ్లు కలిపేటప్పుడు పసుపులో సున్నం వేసేదీ ఇందుకే. అయితే పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం.

ఆ ఎర్రగీత మీద నిమ్మరసం ఒక్క చుక్క వేసి చూడండి. సన్నగా నురగ లేచి, అక్కడ మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. మా వాడు ఇది చూశాక కష్టపడి వేసిన ముగ్గునంతా నిమ్మచెక్కతో చెరిపేశాడు.

చొక్కా మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోయింది. కిటికీకి అతికించిన ముగ్గుల గతీ అంతే అయింది. ఈసారి బీరువా తలుపుకు లోపలివైపు అతికిస్తాను.